తప్పు షెల్ ప్లేటుదే

ప్రశ్న: టెక్సాస్‌లో మా అల్లుడు ప్రోగ్రెసివ్ ప్రెస్ (లివర్ లాగిన ప్రతిసారీ తూటా తయారీని ఒక్కో మెట్టు ముందుకు నడిపే చేతి మిషను) మీద తూటాలు నింపుకుంటాడు. లివర్ కదిపినప్పుడల్లా తుపాకీ మందు ఒలుకుతోందట. ఏం చెయ్యాలి? - ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: లేతు మిషన్ల దగ్గర బతికినవాణ్ణి, సూటిగా చెప్తాను. మందు పోసే గరాటును తిట్టక్కర్లేదండీ. కేసుల్ని, అంటే తూటాల తొడుగుల్ని, పట్టుకుని తిరిగే గుండ్రటి పళ్లెమే షెల్ ప్లేటు. అది ఒక గడి తిరిగి టక్కున ఆగుతుంది. నైన్ ఎంఎం పిస్తోలు తూటా లాంటి పొట్టి కేసులో మందు అంచుదాకా ఉంటే ఆ కుదుపుకి పైపొర ఎగిరిపడుతుంది. ప్లేటు కింద దాన్ని గడిలో ఆపే చిన్న స్టీలు గుండు, దాన్ని నొక్కే స్ప్రింగు ఉంటాయి. కాస్త మెత్తటి స్ప్రింగు వేస్తే దెబ్బ తగ్గుతుంది. ప్లేటు బోల్టు కింద పల్చటి బేరింగ్ వేసేవాళ్లూ ఉన్నారు. ప్లేటు తిరిగేచోట చెయ్యి నెమ్మదించాలి, అల్లుళ్లకి అదే కష్టం.

ఒలికిన కేసును మాత్రం వదలొద్దు. మందు తగ్గితే తూటా గుండు తుపాకీ గొట్టంలోనే ఇరుక్కోవచ్చు, వెనకే ఇంకోటి పేలిస్తే గొట్టం చీలొచ్చు. ఆ కేసు ఖాళీచేసి మళ్లీ తూచి పోయమనండి. రాలిన మందు బ్రష్షుతో ఎత్తాలి, వాక్యూమ్ క్లీనర్‌తో వద్దు.

ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారీ 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. పండక్కి వచ్చినప్పుడు ఆ సరదా అక్కడే వదిలి రమ్మనండి.