కిటికీల కోసం సీనియర్ సిటిజన్ డిపాజిట్ రద్దు చేసుకోవాలా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, వయసు 66. మాది హన్మకొండ. 1964లో మా మామగారు కట్టించిన పెంకుటిల్లు. మొత్తం 11 టేకు కిటికీలు. ఈ వానలకు రెక్కలు ఉబ్బి మూసుకోవడం లేదు, పడమటి వైపు మూడింటి నుంచి నీళ్లు గోడ లోపలికి దిగుతున్నాయి. దసరాకి పిల్లలు వస్తారు. అన్నీ తీసేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించడానికి ఒకాయన కిటికీకి 40,000 చొప్పున 4,40,000 కొటేషన్ ఇచ్చాడు. పండగలోపు ఒప్పుకుంటే దోమల జాలీ ఫ్రీ అంటున్నాడు. మాకు తెలిసిన వడ్లాయన మాత్రం మూడు తప్ప మిగతావి బాగు చేయొచ్చు, ఆరింటికి తలా 9,000, రెండింటికి తలా 2,500 అవుతుంది అన్నాడు. లండన్‌లో ఉన్న మా అబ్బాయి పాతవి ఉంచొద్దు, డబుల్ గ్లాస్ (రెండు పొరల గాజు) పెట్టించు అంటున్నాడు. అల్లుడు లోన్ తీసుకుంటే పన్ను కలిసొస్తుంది అంటున్నాడు. నా పెన్షన్ 48,000. వెనక పోర్షన్ అద్దె 8,000. ఖర్చులు 39,000 దాకా. 2023 జులైలో బ్యాంకులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 15 లక్షలు వేశాను, మూడు నెలలకోసారి 27,675 పడుతుంది. ఎఫ్‌డీ 3.5 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 1.8 లక్షలు ఉన్నాయి. స్కీమ్ రద్దు చేయనా, పర్సనల్ లోన్ తీసుకోనా, గాజులు తాకట్టు పెట్టనా? రాత్రుళ్లు ఇదే టెన్షన్.

జవాబు: టీచరమ్మా, నమస్తే. మూడింట్లో ఏదీ వద్దు. అంకెలన్నీ మీరు పూసగుచ్చినట్టు రాశారు కాబట్టే ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను. డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. ఏ కిటికీకి ఎంత ఖర్చు అవసరమో ముందు తేలాలి. పదకొండు కిటికీలకూ ఒకే జబ్బు ఉండదు, ఒకే మందూ అక్కర్లేదు.

రేపు ఎండ పడ్డాక ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇల్లంతా తిరగండి. కిటికీ చౌకట్టు కింది పట్టె దగ్గర, రెక్క కింది మూలల్లో, రెక్కను చౌకట్టుకు బిగించే కబ్జాల దగ్గర దాని పిడితో తట్టండి. గట్టి శబ్దం వస్తే లోపల చెక్క బాగున్నట్టే. డొల్లగా మోగితే మొనతో మెల్లగా నొక్కి చూడండి. కేకులోకి దిగినట్టు దిగితే అక్కడ చెక్క కుళ్లింది, లేదా చెదలు తినేసింది. గోడ మీద మట్టి దారాల్లాంటి గీతలు కనిపిస్తే చెదలే. అలాంటప్పుడు ముందు చెదల మందు కొట్టించాలి, తర్వాతే కిటికీ పని. కిటికీ పైన, గోడ బరువు మోసే చోట పాత ఇళ్లలో చెక్క దూలం వేసేవారు. ఒక స్టూలు వేయించి దాన్ని కూడా తట్టించండి. అది డొల్లదైతే లెక్కంతా మారిపోతుంది, అప్పుడు ఇంజినీరును పిలవాల్సిందే. ఒక్కో కిటికీకి నంబరు వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ పని మీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

రెక్క పట్టకపోవడం వేరు, పాడవడం వేరు. వానాకాలం చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం మళ్లీ కుంచించుకుపోతుంది. ఉబ్బి ఉన్నప్పుడు చిత్రిక పట్టిస్తే ఇప్పుడు సరిగ్గా పడుతుంది, ఏప్రిల్ వచ్చేసరికి వేలు దూరేంత సందు వస్తుంది. కాబట్టి బాగు చేయించే ఎనిమిదింటినీ ఇప్పుడు ముట్టుకోవద్దు. సంక్రాంతి దాటాక చెక్క ఆరి ఉన్నప్పుడు చేయించండి. మీ డబ్బుకు కూడా ఆ గడువే కావాలి, అది కింద లెక్కలో చూస్తారు.

ఇక కొటేషన్. మీరు పంపిన ఫోటోలో అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో ‘ట్యాక్సులు అదనం’ అని ఉంది. యూపీవీసీ కిటికీల మీద జీఎస్టీ 18 శాతం. అంటే 79,200 కలిసి మీ బిల్లు 5,19,200 అవుతుంది. పాత చౌకట్టు ఊడదీసేటప్పుడు పగిలే గోడ, దాని ప్లాస్టరింగ్, రంగు, వీటి మాట కొటేషన్‌లో ఎక్కడా లేదు. అడుగున్నర మందం పాత గోడలోంచి చౌకట్టు పీకితే చుట్టూ ఎంత రాలుతుందో పని మొదలుపెట్టాక గానీ తెలియదు. ‘పాత కిటికీలు మేమే ఉచితంగా తీసుకెళ్తాం’ అని కూడా రాశాడు. ఆ లైను చదివితే నాకు కడుపు రగిలింది, ఎందుకంటే పదేళ్ల కింద మా అమ్మ ఇంట్లో ఇలాగే జరిగింది. ఆరు టేకు కిటికీలు ట్రాలీ ఆటోలో వెళ్లిపోతుంటే అడ్డం తీరిందని సంతోషపడ్డాను. రెండేళ్లకు పూజగది తలుపు చేయించడానికి టింబర్ డిపోకి వెళ్లి టేకు రేటు విన్నప్పుడు, ఆ ఆటోలో ఏం పోయిందో అర్థమైంది. అరవై ఏళ్లు ఎండకూ వానకూ నిలిచిన టేకు అది. అంత చేవ ఉన్న చెక్క ఇప్పుడు కొనాలన్నా తేలిగ్గా దొరకదు. మీ ఇంట్లో అది ఆస్తి. కొటేషన్‌లో దాన్ని చెత్త కింద కట్టారు.

యూపీవీసీ చెడ్డదని నేను అనడం లేదు. దుమ్ము, చప్పుడు బాగా ఆపుతుంది, చెదలు పట్టవు, ఏటా రంగు గొడవ ఉండదు. కాకపోతే దాని రబ్బరు పట్టీలు, చక్రాలు, లాకులు కొన్నేళ్లకు అరిగిపోతాయి. అప్పుడు ఆ కంపెనీ స్పేర్లు దొరకాలి. టేకు రెక్క మూల కుళ్లితే ఆ మూల వరకే కోసి కొత్త ముక్క అతకొచ్చు. యూపీవీసీలో అలా కుదరదు. ఇంకో మాట, మన ఊళ్లో కోతుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆయన ఫ్రీగా ఇస్తానన్న జాలీని కోతి ఒక్క పూటలో చింపేస్తుంది. ఏ కిటికీ పెట్టినా ఇనుప సలాకలు తీయనివ్వకండి.

మీ అబ్బాయి మాట కూడా ప్రేమతో చెప్పిందే. అక్కడ చలికి డబుల్ గ్లాస్ కావాలి. అయితే అదే లండన్‌లో వందేళ్లు దాటిన ఇళ్లలో రెక్కలు పైకీ కిందికీ జరిగే శాష్ కిటికీలు ఇప్పటికీ ఉన్నాయి. చౌకట్టు లోపల దాచిన ఇనుప గుండ్లు, వాటికి కట్టిన తాళ్ల మీద ఆ రెక్క నడుస్తుంది. తాడు తెగితే తాడే మారుస్తారు, కింది పట్టె కుళ్లితే అంతవరకే కోసి అతుకుతారు, గాలి దూరే సందులకు సన్నని బ్రష్ పట్టీలు బిగిస్తారు. చారిత్రక కట్టడంగా జాబితాలోకెక్కిన ఇల్లయితే అనుమతి లేకుండా కిటికీ మార్చడమే నేరం. ఈసారి ఫోన్ చేసినప్పుడు వాళ్ల వీధిలో అలాంటివి ఉన్నాయేమో చూడమనండి. మనకు మే నెల వేడి ఎక్కువగా పెంకుల మీది నుంచి, గాజు మీద నేరుగా పడే ఎండ నుంచి వస్తుంది. పడమటి కిటికీల బయట సజ్జ కాస్త ముందుకు పొడిగించి, ఎండాకాలం వట్టివేళ్ల తడికలు కడితే డబుల్ గ్లాస్‌కి పెట్టే డబ్బులో చాలా భాగం మిగులుతుంది. ఆ సజ్జ వానను కూడా ఆపుతుంది.

ఇప్పుడు మీరడిగిన మూడు దారులు. సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో మీకు 8.2 శాతం వడ్డీ అయిదేళ్లకు ఖాయమైంది. అందులోంచి నాలుగు లక్షలే తీస్తానంటే కుదరదు, ఖాతా మొత్తం మూసేయాలి. రెండేళ్లు దాటింది కాబట్టి 1 శాతం, అంటే 15,000 కోత. ఆ నష్టం ఒక్కసారితో పోతుంది. తీసిన 5 లక్షల మీద ఏటా రావాల్సిన 41,000 వడ్డీ మాత్రం మళ్లీ మళ్లీ పోతూనే ఉంటుంది. మీ వయసులో నెల గడిచే డబ్బును తెచ్చి గోడకు బిగించొద్దు.

పర్సనల్ లోన్ 4.5 లక్షలు 14 శాతానికి అయిదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 10,470. వడ్డీగానే 1.78 లక్షలు కడతారు. అల్లుడు గారు చెప్పిన పన్ను లాభం సంగతి ఇదీ: మీరుండే ఇంటి మరమ్మతు కోసం తీసుకున్న అప్పు వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 30,000 వరకే మినహాయింపు. కొత్త విధానంలో అదీ లేదు. అసలు మీకు పన్నే పడదు, చూడండి. పెన్షన్ ఏడాదికి 5,76,000, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 5,01,000. అద్దె 96,000లో 30 శాతం పోగా 67,200. దీనికి మీరు మరమ్మతు బిల్లులు చూపించక్కర్లేదు. స్కీమ్ వడ్డీ 1,23,000. ఎఫ్‌డీ మీద 7 శాతం అనుకుంటే 24,500. మొత్తం 7,15,700. 2025-26 నుంచి కొత్త విధానంలో ఇలాంటి ఆదాయం 12 లక్షల వరకు ఉన్నా రిబేటు వల్ల పన్ను సున్నా. లేని పన్ను తగ్గించుకోవడానికి అప్పు చేయడం ఎందుకు?

ఈ లెక్క వేస్తుంటేనే ఇంకోటి కనిపించింది. 15 లక్షలకు 8.2 శాతం అంటే మూడు నెలలకు 30,750 రావాలి. మీకు 27,675 పడుతోంది. ప్రతిసారీ 3,075, ఏడాదికి 12,300 బ్యాంకు టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కింద కోస్తోంది. పన్ను పడని మీరు, నాకు పన్ను కోయొద్దని చెప్పే ఫారం (2025-26లో దాని పేరు 15హెచ్) ఏప్రిల్‌లోనే ఇస్తే కోత ఉండేది కాదు. ఈ వారమే వెళ్లి ఇవ్వండి, మిగిలిన విడతలకైనా ఆగుతుంది. కోసేసింది రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది. ఒక కిటికీ బాగు చేయించే ఖర్చు పోను ఇంకా మిగిలేంత డబ్బు అది.

గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. గోల్డ్ లోన్ ఆసుపత్రి లాంటి అత్యవసరానికి, అదీ కొద్ది నెలల్లో విడిపించుకోగలిగితేనే.

నేను చేయమనేది ఇదీ. పడమటి మూడు మాత్రం ఇప్పుడే మార్చండి. గోడ తడిస్తే నష్టం కిటికీతో ఆగదు. 47,200 చొప్పున మూడింటికి 1,41,600. సగం అడ్వాన్స్, నీళ్లు పోసి చూశాక మిగతాది. గోడ పూత ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. జీఎస్టీ బిల్లు తప్పక తీసుకుని ఇంటి కాగితాల్లో పెట్టండి. మూడింటికే రానని ఆయన అంటే ఇంకొకరి దగ్గర అడగండి, హన్మకొండలో వాళ్లకు కొదవ లేదు. ఖర్చులు పోను మీకు నెలకు దాదాపు 26,000 మిగులుతోంది. రెండు నెలలది 52,000, సేవింగ్స్ నుంచి 90,000 తీస్తే ఈ పని అయిపోతుంది. సేవింగ్స్‌లో ఇంకా 90,000 ఉంటాయి. పండగ ఖర్చు, మనవలకు బట్టలు నేను లెక్కలో వేయలేదు, అవి దాంట్లోంచే. ఎఫ్‌డీని ముట్టుకోకండి, అది మీ ఆరోగ్యానికి.

సంక్రాంతి తర్వాత ఆరింటికి 54,000, రెండింటికి 5,000, కలిపి 59,000. నవంబర్, డిసెంబర్, జనవరి మిగులు 78,000. పాత రంగు కింద ఏముంటుందో తెలియదు కాబట్టి ఆ పైన మిగిలే 19,000 చేతిలో ఉంచుకోండి. వడ్లాయనతో రోజుకూలీ కాకుండా కిటికీ లెక్కన మాట్లాడండి. లప్పం పెట్టే ముందు ప్రతి అతుకూ మీకు చూపించాలని చెప్పండి. లప్పం కింద ఏదైనా దాగిపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) పరిమితి 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. మీ కిటికీల మీద అంతకుముందు వేసిన రంగు పొరలు ఎన్నో ఉంటాయి. పొడిగా సాండ్ పేపర్ పట్టించొద్దు. తడిపి గీకమనండి, కుదిరితే రెక్కలు విప్పి పెరట్లోకి తీసుకెళ్లి చేయమనండి. పనివాళ్లకు మాస్కులు ఇవ్వండి. మనవలు ఊళ్లో ఉన్నప్పుడు ఆ పని అసలు పెట్టుకోవద్దు. సంక్రాంతి సెలవులయ్యాక అనడానికి అది కూడా ఒక కారణం.

ఈ నెలలో ఊడదీసే ఆ మూడు పాత కిటికీలను మాత్రం యూపీవీసీ ఆయన బండి ఎక్కనివ్వకండి. కుళ్లిన భాగం కోయించి, బాగున్న చెక్కను వసారాలో నేలకు తగలకుండా ఇటుకల మీద పేర్పించండి. మిగతా ఆరింటి అతుకులకు వడ్లాయనకు అదే టేకు కావాలి.