వంకాయ కూరకు ముందు సిట్రిజిన్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 48. మాది గుంటూరు, ప్రస్తుతం బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. గుత్తి వంకాయ కూర తిన్న కాసేపటికే నాలుక, పెదవులు దురద పెడుతున్నాయి. రెండుసార్లు పై పెదవి వాచింది. తినేముందు ఎలర్జీ మాత్ర సిట్రిజిన్ వేసుకుంటే అంత ఇబ్బంది ఉండటం లేదు. బీపీకి రామిప్రిల్ వాడుతున్నాను. దురద పెట్టని వంకాయలను ఎలా ఎంచుకోవాలి? ఎలా వండాలి? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగింది వంకాయల గురించే అయినా, ముందుగా మాట్లాడవలసింది మీ పెదవి వాపు గురించి, ప్రశ్న చివర్లో మాటవరసకు రాసిన రామిప్రిల్ గురించి. ఈ తరహా బీపీ మందులు వాడేవారిలో కొద్దిమందికి పెదవులు, నాలుక, గొంతు వాచే అవకాశం ఉంది. మందు మొదలుపెట్టిన ఏళ్ల తర్వాత కూడా ఇది రావచ్చు. ఈ వాపులో సాధారణంగా దురద, దద్దుర్లు ఉండవు, సిట్రిజిన్‌కు అది లొంగదు కూడా. మీకు దురద ఉంది కనుక ఆహార ఎలర్జీకే అవకాశం ఎక్కువగా కనిపిస్తోంది. అయితే మిమ్మల్ని పరీక్షించకుండా ఏదీ నిర్ధారించి చెప్పలేను. రామిప్రిల్‌ను మీ అంతట మీరు ఆపకండి. మందు రాసిచ్చిన డాక్టరును ఈ ఒకటి రెండు రోజుల్లోనే కలిసి వాపు సంగతి చెప్పండి. అవసరమనుకుంటే వేరే తరగతి మందుకు ఆయనే మారుస్తారు.

ఇక సిట్రిజిన్ విషయం. మాత్ర వేసుకుని మరీ పడని కూర తినడం నేను తరచుగా చూసే అలవాటే, అయినా చూసిన ప్రతిసారీ ఆందోళన కలుగుతుంది. ఆ మాత్ర దురదను అణచివేస్తుందే గాని ఎలర్జీని ఆపదు. అంటే ముందస్తు హెచ్చరిక మీకు తెలియకుండా పోతుంది, ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. గొంతు బిగుసుకోవడం, మాట బొంగురుపోవడం, ఆయాసం, కళ్లు తిరగడం, ఒళ్లంతా దద్దుర్లతో పాటు వాంతులు – వీటిలో ఏది కనిపించినా రెండో మాత్ర వేసుకుని చూద్దామని కూర్చోకూడదు. అప్పుడు పనిచేసేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షను. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని ఎమర్జెన్సీకి వెళ్లండి. రెండుసార్లు పెదవి వాచినా డాక్టరుకు చూపించుకోకపోవడం మాత్రం పొరపాటేనమ్మా.

అసలు దోషం వంకాయదేనా అన్నది కూడా తేలాలి. వంకాయ ఎలర్జీ నిజంగానే ఉంది, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సి.ఎఫ్.టి.ఆర్.ఐ.) పరిశోధకులు దాన్ని అధ్యయనం చేశారు. ఎలర్జీ లేనివారికి సైతం వంకాయలో సహజంగా ఉండే, దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం వల్ల నోరు దురద పెట్టవచ్చు. కానీ గుత్తి వంకాయలో కూరే కారంలో పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి ఉంటాయి కదా. పల్లీలు, నువ్వులు తీవ్రమైన ఎలర్జీకి పేరుపడ్డవి. పల్లీ చట్నీ, నువ్వుల పొడి, చిక్కీ తిన్నప్పుడు ఏమవుతోందో గుర్తు తెచ్చుకోండి. గుర్తు తెచ్చుకోమన్నాను గాని, ఇంట్లో తిని పరీక్షించుకోమనలేదు.

మీరు అడిగినదానికి క్లుప్తంగా చెబుతాను. ముచ్చిక పచ్చగా, తొక్క నిగనిగలాడుతూ, సైజుకు తగ్గ బరువు మాత్రమే ఉన్న లేత కాయలను తీసుకోండి. ముదిరిన కాయలో గింజలు ఎక్కువై చేదు వస్తుంది. సన్నని రంధ్రం ఉంటే లోపల పురుగు ఉండవచ్చు. కోసిన ముక్కలను ఉప్పునీళ్లలో వేయడం నల్లబడకుండా ఉండటానికే, ఎలర్జీ దానితో పోదు. ఎంత ఉడికించినా హిస్టమిన్ కూడా పోదు. వంకాయ నూనెను బాగా పీల్చుకుంటుంది, బీపీ ఉన్నవారు ఉప్పు, నూనె రెండూ చూసుకోవాలి కాబట్టి కాయలను ముందుగా ఆవిరి మీద మగ్గించి, తర్వాత కొద్ది నూనెలో వేయించడం మేలు. ఇదంతా మీ ఇంట్లో మిగతావారికి, మీకు ప్రస్తుతానికి కాదు.

ఎలర్జీ నిపుణుడిని కలిసేవరకు వంకాయ, ఆ కూరలో వేసే కారం రెండూ మానండి. వెళ్లేటప్పుడు కూరలో వేసే దినుసులన్నీ, తిన్న ఎంతసేపటికి వాపు వచ్చిందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. చర్మ పరీక్షకు కొన్ని రోజుల ముందే సిట్రిజిన్ ఆపవలసి ఉంటుంది, లేకపోతే ఫలితం సరిగా రాదు. ఎన్ని రోజులన్నది అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి.