పొగ తగలని వేడి

ప్రశ్న: నమస్తే అండీ. మాది అనంతపురం, పెళ్లయ్యాక బెంగళూరులో ఫ్లాట్‌లో ఉంటున్నాం. బాబు కోసం రాగి మాల్ట్ ఇంట్లోనే చేస్తాను. ఊళ్లో అమ్మ మొలకెత్తిన రాగుల్ని మిద్దె మీద పోస్తే సాయంత్రానికి గలగలలాడేవి. ఇక్కడ వానలు మొదలైతే నాలుగు రోజులైనా ఎండ మొహం కనపడదు. పోయినసారి బూజు పట్టి రెండు కిలోలు పారేశాను. ఈసారి గ్యాస్ మంట మీద జల్లెడ పెట్టి ఆరబెడితే అడుగున మాడింది, పైన తడి పోలేదు, జావకి ఏదో వాసన. మావారు బాల్కనీలో బొగ్గుల కుంపటి పెడదామంటున్నారు. అసలు ఎండే సరిగా రాని ఇంగ్లండ్‌లో బీరు కాచే బార్లీ మాల్ట్‌ని పూర్వం ఎలా ఆరబెట్టేవాళ్లు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ కుంపటి ఆలోచన మానేయండమ్మా. మూసిన బాల్కనీలో బొగ్గులు రాజేస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణం మీదికి వస్తుంది.

ఇక మీకొచ్చిన కష్టమే వాళ్లకీ వచ్చింది, అదీ వందల ఏళ్ల పాటు. పాత బట్టీలో కింద మంట, పైన చెక్క బద్దలు, వాటి మీద గుర్రపు వెంట్రుకలతో నేసిన బట్ట, ఆ బట్ట మీద తడి మాల్ట్. వేడితో పాటు పొగ కూడా గింజల సందుల్లోంచే పైకి పోవాలి, వేరే దారి లేదు. గడ్డి మంట మీద ఆరిందే మేలైన మాల్ట్ అని, కట్టెల మంట మీద ఆరిన దాంతో కాచిన బీరు అలవాటు లేనివాళ్లకి తలనొప్పి తెస్తుందని 1577లోనే విలియం హారిసన్ అనే ఇంగ్లిష్ రచయిత రాశాడు. రాతిబొగ్గు వాడదామంటే గంధకం కంపు. 1635లో సర్ నికొలస్ హాల్స్ అనే ఆయన ఏ ఇంధనం వాడినా పొగ తగలకుండా మాల్ట్ ఆరబెట్టే బట్టీకి పేటెంట్ తీసుకున్నాడు, పైగా అదే మంటతో వంటా, బట్టలు ఆరబెట్టడమూ కూడా అయిపోతాయన్నాడు. పొగ ఒక దారిన, వేడి ఒక దారిన పోవాలని అప్పుడే అంత స్పష్టంగా ఆలోచించారంటే నాకు ఎంతో ముచ్చటేస్తుంది.

పొగ బాధ తీర్చిన ఇంకో దారి కోక్. రాతిబొగ్గుని గాలి సరిగా ఆడనివ్వకుండా కాలిస్తే గంధకం చాలావరకు పోతుంది, మిగిలింది పొగ లేకుండా మండుతుంది. 1640ల్లో డెర్బీషైర్‌లో మాల్ట్‌కి ఇది వాడటం మొదలైంది, లేత రంగు మాల్ట్‌తో అక్కడి బీరుకి పేరొచ్చింది. ఆ తర్వాత కథ ఇంకా బాగుంటుంది. బర్మింగ్‌హామ్‌లో మాల్ట్ మిల్లులు చేసే చోట పని నేర్చుకున్న అబ్రహాం డార్బీ 1709లో కోల్‌బ్రూక్‌డేల్‌లో అదే కోక్‌తో ఇనుము కరిగించాడు. గింజలు ఆరబెట్టడానికి పనికొచ్చిన ఇంధనం ఇనుప కొలిమికి కూడా పనికొచ్చింది.

ఇప్పుడు మీ రాగుల సంగతి. మొలకెత్తిన బార్లీలో బట్టీకి ఎక్కేటప్పుడు దాదాపు 45 శాతం నీళ్లుంటాయి, దిగేటప్పటికి నాలుగైదు శాతం. తడి మీద గట్టి వేడి తగిలితే పిండిని తీపిగా మార్చే ఎంజైములు చచ్చిపోతాయి, బాగా ఆరిన గింజలో అయితే అవి 80 డిగ్రీలకి కూడా చాలావరకు నిలబడతాయి. అందుకే బట్టీలో మొదట గోరువెచ్చటి గాలి ధారాళంగా పోనిస్తారు, వేడి పెంచడం ఆఖర్న. మీరు మంటతో మొదలెట్టారు, తేడా వచ్చింది అక్కడే.

పలచటి పాత చీర మీద గింజ పక్కన గింజ పడేలా రాగులు పరిచి, రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచండి, మధ్యలో రెండు మూడుసార్లు చేత్తో కలపండి. అరచేతికి అంటుకోకుండా జారిపోతున్నాయంటే పైతడి పోయినట్టే. అప్పుడు మందపాటి బాణలిలో సన్న సెగ మీద కొంచెం కొంచెంగా వేసి, చెయ్యి కాలకుండా తాకగలిగేంత వేడి దాటనివ్వకుండా కలుపుతూ ఉండండి. బాణలి అడుగే మంటకీ గింజకీ మధ్య అడ్డుగోడ. జల్లెడకి ఆ అడ్డు లేదు. 1970ల చివర్లో బీరులో నైట్రోసమైన్లనే హానికర పదార్థాలు బయటపడినప్పుడు, గ్యాస్ మంట గాలి నేరుగా మాల్ట్‌కి తగలడమే కారణమని తేలింది, ఆ తర్వాత చాలా బట్టీలు మారిపోయాయి. చిన్నపిల్లాడికి పెట్టేది కదా, ఆ జల్లెడ మాత్రం మళ్లీ పెట్టకండి. రెండు చేతుల మధ్య నలిపితే మొలకలు రాలిపోవాలి, గింజ పంటి కింద పటుక్కుమనాలి. అప్పుడే మిల్లుకి పట్టుకెళ్లండి.

ప్రశ్న: మరి నల్ల బీరుకి ఆ నలుపు పొగ వల్లేనా?
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: కాదండీ. మల్లేశ్వరంలోనే ఉన్నారు కాబట్టి కాఫీ గింజలు వేయించే డ్రమ్ము చూసే ఉంటారు. 1817లో డేనియల్ వీలర్ అలాంటి తిరిగే డ్రమ్ములోనే మాల్ట్‌ని 200 డిగ్రీలు దాటించి నల్లగా వేయించి పేటెంట్ తీసుకున్నాడు. లేత మాల్ట్‌లో ఈ నల్లది కాస్త కలిపితే చాలు, బీరంతా నల్లబడుతుంది.