ధీమాను కొలవాలంటే

తమ్ముడూ,

సమాచారం వెతకడంలో, అది నమ్మదగిందో కాదో తేల్చడంలో శిక్షణకు వచ్చేవాళ్ల ధీమా ఎంతో కొలవడానికి నువ్వు రాసిన ప్రశ్నావళి చూశాను. మొదటి వాక్యం, 'సమాచారం వెతకడం నాకు బాగా వచ్చు', కొట్టెయ్. దానికి కాదనేవాళ్లు ఉండరు. ధీమా పనిని బట్టి మారుతుంది. లైబ్రరీ కేటలాగులో పుస్తకం ఇట్టే పట్టుకునేవాడికి, ఫోన్‌లో తిరిగే ఫోటో పాతదో కొత్తదో తేల్చగలనన్న నమ్మకం లేకపోవచ్చు. పని పేరెత్తి అడుగు: 'ఒక ఫోటో మొదట ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో కనుక్కోగలను.'

ఆ 'గలను' వదలకు. 'చూస్తాను' అంటే ఉద్దేశం, 'చూస్తుంటాను' అంటే అలవాటు; 'గలను' అంటేనే ధీమా. ధీమాను కొలవడం మీద రాసిన మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా పట్టుబట్టిందీ, ఉద్దేశం వేరు, ధీమా వేరు అనే. కాగితం పైన 'ఈ రోజు, ఎవరి సాయమూ లేకుండా' అని రాయి.

నాలుగో వాక్యం, 'సమాచారం వెతికి, నమ్మదగిందో కాదో తేల్చగలను', ఒకటి కాదు, రెండు. వెతకడం వచ్చి తేల్చడం రానివాడు మధ్యలో ఏదో అంకెకు సున్నా చుట్టి పోతాడు. దాన్ని విడగొట్టు.

స్కేలు సంగతి. బందూరా 0 నుంచి 100 దాకా పదేసి చొప్పున పెట్టమన్నాడు. టర్కీ పరిశోధకులు 2006లో ప్రచురించిన సమాచార అక్షరాస్యత (సమాచారం వెతికి, తూచి, వాడుకోవడం) ధీమా స్కేలులో 28 వాక్యాలు, 7 మెట్లు. నీకు 12 నుంచి 15 వాక్యాలు, 7 మెట్లు చాలు. అన్నీ సులువైనవే పెడితే అందరూ 6, 7 దగ్గరే గుమిగూడతారు, ఎవరికెంతో తెలియదు. రెండు మూడు గట్టివి కలుపు. ముందు ఐదారుగురి చేత పైకి చదివించు; ఎక్కడ ఆగి రెండోసారి చదివారో అక్కడ వాక్యం బాగోలేదన్నమాట. జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె, క్రోన్‌బాక్ ఆల్ఫా, 0.7 దాటాలంటారు, కానీ 0.95 దాటితే మురిసిపోకు, ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగావేమో చూసుకో.

ఇదంతా కొలిచేది ధీమానే, నేర్పును కాదు. పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవాళ్లే తమను ఎక్కువగా అంచనా వేసుకుంటారని మనస్తత్వవేత్తలు క్రూగర్, డనింగ్ 1999లో చూపించారు. అందుకని నేర్పు చూడ్డానికి, వెతికి తేల్చే చిన్న పనులు మూడు కూడా చేయించు. ముందు అంకెలు, తర్వాతే పనులు. తిరగేస్తే పనిలో తడబడినవాడు అంకె తగ్గించేస్తాడు.

శిక్షణ అయ్యాక సగటు పడిపోతే కంగారుపడకు. తమకు తెలియనిదేమిటో అప్పుడే తెలిసి, తమను కొలుచుకునే గజమే మారిపోతుంది. చివర్లో రెండు గళ్లు ఇవ్వు: 'ఇప్పుడు', 'శిక్షణకు ముందు ఎలా ఉన్నానని ఇప్పుడనిపిస్తోంది'. మొహమాటానికి రెండో గడిలో తగ్గించి వేసేవాళ్లూ ఉంటారు, కాబట్టి మళ్లీ మూడు పనులు చేయించు, మొదటివే కాకుండా అంతే కష్టమున్నవి.

నాలుగో వాక్యం విడగొట్టాక ఒకసారి పంపు, చూస్తాను.