హౌ అనాలా, వాట్ అనాలా... దీనికే కెరీర్ మార్చేస్తారా?

ఒక తల్లి అడిగింది (కుదించి ఇస్తున్నా): మా అమ్మాయి తెలుగు మీడియం, ఇప్పుడు డిగ్రీ ఫైనలియర్, హెచ్ఆర్ వైపు వెళ్తానంటోంది. మాక్ ఇంటర్వ్యూలో ఉద్యోగం పోయిన మనిషితో మాట్లాడమంటే 'హౌ డజ్ ఇట్ ఫీల్ లైక్?' అందట, అందరూ నవ్వారట. హెచ్ఆర్ మాన్పించాలా? యాక్సెంట్ ట్రైనింగ్ మంచిదా, స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసా?

అమ్మా, ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అందరూ అడిగేది కోర్సు గురించే, లోపల ఉన్నది మాత్రం 'తెలుగు మీడియంలో వేసి పిల్ల జీవితం పాడుచేశామా' అన్న బెంగ. పాడుచెయ్యలేదండి.

మీ అమ్మాయి రెండు కరెక్ట్ వాక్యాల్ని కలిపేసింది, అంతే. 'హౌ డజ్ ఇట్ ఫీల్' కరెక్టే, 'వాట్ డజ్ ఇట్ ఫీల్ లైక్' కూడా కరెక్టే. చివర లైక్ ఉంటే ముందు వాట్, లేకపోతే హౌ. మనకి 'ఎలా అనిపించింది' అన్నా 'ఏమనిపించింది' అన్నా నడిచిపోతుంది కదా, చిక్కంతా అక్కడే. 'హౌ డు యు ఫీల్' అంటే టయర్డ్, శాడ్, బెటర్ లాంటి జవాబొస్తుంది, అదే వాట్ పెడితే చాలాసార్లు డాక్టర్ మోకాలు నొక్కి 'ఇక్కడేం తెలుస్తోంది' అన్నట్టుంటుంది, నొప్పో తిమ్మిరో చెప్పాలి. థింక్ దగ్గర కథ తిరగబడుతుంది, అభిప్రాయం కావాలంటే 'వాట్ డు యు థింక్' అనాలి, 'హౌ' అనకూడదు. నన్నడిగితే వీటికన్నా ప్రమాదం వై. బాధలో ఉన్నవాణ్ని 'వై ఆర్ యు ఫీలింగ్ శాడ్' అంటే గ్రామర్‌లో వంక లేదు గానీ సంజాయిషీ అడిగినట్టుంటుంది, 'వాట్ హ్యాపెండ్' అంటే మనిషి నోరు విప్పుతాడు. హెచ్ఆర్ పనికి ఈ తేడా పట్టుకోవడం కావాలి.

ఇక యాక్సెంట్ ట్రైనింగ్, ఈమధ్య ఎవర్ని కదిపినా అదే. నాకు నమ్మకం లేదు. విదేశాలకెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఉంది కదా, దాని స్పీకింగ్‌లో కూడా ధారాళంగా మాట్లాడ్డం, పదాలు, గ్రామర్, ఉచ్చారణ నాలుగింటికీ మార్కులు సమానమే, ఫలానా దేశం యాస ఉండాలని రూలేం లేదు. నా దగ్గరకొచ్చిన ఒకబ్బాయి నాలుక మడతపెట్టి 'ఆర్' భలే పలికేవాడు, సెల్ఫ్ ఇంట్రడక్షన్ దాటి రెండో ప్రశ్న వెయ్యగానే ఫ్యాన్ వైపు చూశాడు.

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. మీ మెసేజ్‌లో 'పరువు' నాలుగుసార్లుంది, ఆ రోజు ఇంటికొచ్చాక పిల్ల ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. తను ఫోన్లో ఇంగ్లిష్ మాట్లాడుతుంటే తలుపు పక్కన నిలబడి తప్పులు లెక్కపెడుతున్నానని మీరే రాశారు, అలా ఎవరైనా కాపలా ఉంటే నాకూ మాట పెగలదు! ఆపెయ్యండి.

హెచ్ఆర్ మాన్పించొద్దు. స్పోకెన్ క్లాసంటారా, టీచర్ కన్నా పిల్ల ఎక్కువ మాట్లాడేదైతే సరే, లేకపోతే ఫ్రెండ్‌తో రోజూ పావుగంట, ఒకరు ఎంప్లాయీ ఒకరు హెచ్ఆర్, ఫోన్లో రికార్డ్ చేసుకుని వింటే చాలు. ఫీజు కట్టేముందు డెమోకి పంపండి, గంటలో తన గొంతు ఎన్ని నిమిషాలు వినబడిందో చూసుకుని తనే తేల్చుకుంటుంది, మీరు బయటే కూర్చోండి.