చార్మ్ కణాలు, నా టాంజెంట్ గాల్వనోమీటరు

‘చార్మ్ కణాల్లో పదార్థానికీ ప్రతిపదార్థానికీ తేడా దొరికిందట. అంత చిన్న తేడా యంత్రం లోపం కాదని ఎలా నమ్మాలి?’ అని ఒకరు అడిగారు. చార్మ్ కణాలంటే చార్మ్ అనే రకం క్వార్కు ఉన్న అతి చిన్న కణాలు; ప్రతిపదార్థమంటే పదార్థానికి విద్యుదావేశం తిరగబడ్డ జోడీ.

ఈ ప్రశ్నే ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నా పరువు తీసింది. నాకు టాంజెంట్ గాల్వనోమీటరు వచ్చింది, అంటే తీగచుట్ట (కాయిల్) మధ్యలో సూది ఎంత తిరిగిందో చూసి కరెంటును కొలిచే పరికరం. రీడింగు రాసుకుని, కమ్యుటేటరు అనే స్విచ్చు తిప్పి, కరెంటు దిశ మారాక మళ్ళీ రాయాలి. కాయిల్ సరిగ్గా పెట్టకపోతే రెండు రీడింగులూ వేరుగా వస్తాయి, లోపం బయటపడుతుంది. టైము లేదు. తిప్పకుండానే 42, 42 అని మొదటివే మళ్ళీ దించేశా. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన మాస్టారు పేపరు కంటే ముందు కాయిల్ చూశారు. అది కాస్త పక్కకు తిరిగి ఉంది. ఆయనే కమ్యుటేటరు తిప్పారు. సూది ఊగి ఊగి 37 దగ్గర ఆగింది. "కాయిల్ వంకర, నీ లెక్క మాత్రం భలే తిన్నగా ఉందిరా!" అన్నారు.

ఈ తేడా కనిపెట్టిన ఎల్‌హెచ్‌సీబీ వాళ్ళు, అంటే జెనీవా దగ్గరి సెర్న్ అనే కణభౌతిక ప్రయోగశాలలో ఒక ప్రయోగం నడిపే బృందం, చేసేదీ ఈ తిప్పడమే. పుట్టింది డి-జీరో అనే చార్మ్ కణమా, దాని ప్రతికణమా అన్నది దాంతోపాటు వచ్చే పయాన్ అనే చిన్న కణం ఆవేశం ప్లస్సా మైనస్సా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. అయస్కాంతం ప్లస్‌ని ఒక పక్కకు, మైనస్‌ని రెండో పక్కకు వంచుతుంది. డిటెక్టరులో ఒక పక్క కాస్త బాగా పనిచేసినా లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే అయస్కాంతం దిశను మధ్యమధ్యలో మారుస్తారు. అదీ చాలదని, కేయాన్లనే ఇంకో రకం కణాల జంటగా విడిపోయే డి-జీరోల్లో వచ్చిన తేడా నుంచి, పయాన్ల జంటగా విడిపోయేవాటిలో వచ్చిన తేడాను తీసేస్తారు. రెండిటికీ ఉమ్మడిగా ఉన్న లోపాలు అక్కడ కొట్టుకుపోతాయి. 2019 మార్చిలో చివరికి మిగిలింది 0.154 శాతం, అటూఇటూ 0.029. అంటే తేడా దాని అనిశ్చితికి 5.3 రెట్లు, వాళ్ళ భాషలో 5.3 సిగ్మా; 5 దాటితేనే ‘కనిపెట్టాం’ అంటారు. నా దృష్టిలో ఆ ప్రయోగంలో అసలు హీరో ఆ అయస్కాంతాన్ని తిప్పిన స్విచ్చే.

‘విశ్వ రహస్యం వీడింది’ అనే హెడ్డింగులు చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. కణాల గురించి ఇప్పుడున్న సిద్ధాంతం స్టాండర్డ్ మోడల్. దాంట్లో ఉన్న ఇలాంటి తేడాలన్నీ కలిపినా, విశ్వంలో ప్రతిపదార్థం పోయి పదార్థమే ఇంత ఎందుకు మిగిలిందో చెప్పడానికి చాలవు.

2011లో ఇదే తేడా 0.82 శాతం అన్నారు, 3.5 సిగ్మాతో. డేటా పెరిగేకొద్దీ ఆ 0.82 కరిగి చిన్నదైపోయింది. 2022లో పయాన్ల జంటలోనే తేడా ఉన్నట్టుంది, 3.8 సిగ్మా అన్నారు. 2011 సంబరం చూసినవాణ్ణి, ఆ రెండోదాన్ని ఇంకా ఖాయం చేసుకోలేదు.