రెండు మానికలు (2)

ఈసారి ఉత్తరాలన్నీ గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్) గురించే వచ్చాయి. ఐదింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నాలుగు నెలలుగా రోజూ పేపర్లో వచ్చే గళ్ళ నుడికట్టు పూరిస్తున్నాను. సగం దాకా వచ్చి ఆగిపోతాను. ఫోన్లో వెతికి రాస్తే మా అబ్బాయి "అది చీటింగ్ అమ్మా" అంటున్నాడు. పోనీ అలా రాసినవైనా గుర్తుంటాయా అంటే, వారం తిరిగి అదే మాట మళ్ళీ వస్తే తెల్లమొహం వేస్తున్నాను. నాకిది అచ్చిరాదంటారా?
— ఒక గృహిణి, తణుకు

అచ్చిరాకపోవడమేమీ లేదమ్మా. నాలుగు నెలలకే సగం గళ్ళు నింపుతున్నారంటే పట్టు దొరికినట్టే.

నాకీ అలవాటు చీరాలలో పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసే రోజుల్లో అయింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పేటప్పుడు పేపరు మడిచి పక్కన పెట్టుకునేదాన్ని. ఒకరోజు అడ్డం ఆధారం "కాశీలో నది (2)" అని ఉంది. బ్రాకెట్లో అంకె జవాబుకి ఎన్ని గళ్ళో చెబుతుంది. కాశీలో ఇంకే నది ఉంటుందని పెన్నుతోనే 'గంగ' అని రాసేశాను. అదే గడిలోంచి కిందికి దిగే నిలువు ఆధారం "రెండు మానికలు (2)". దానికి జవాబు 'అడ్డ'. అందులో నాకు అనుమానమే లేదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని మా అమ్మ బియ్యం కొలుస్తూ నా చేత వల్లె వేయించేది. అడ్డలో 'అ', గంగలో 'గ' ఒకే గడిలో ఎలా ఇముడుతాయి? గంగను కొట్టేయాల్సి వచ్చింది. 'అ'తో మొదలయ్యే రెండక్షరాల నది ఏమిటా అని ఆ రోజంతా మనసులో తిరుగుతూనే ఉంది.

అది 'అసి'. ఊరికి ఉత్తరాన వరణ, దక్షిణాన అసి, రెండూ గంగలో కలుస్తాయి. ఆ రెంటి మధ్య ఉన్న ఊరు కాబట్టి వారణాసి అని చెబుతారు. నిఘంటువు తీస్తే అసి అంటే కత్తి అని కూడా ఉంది. అసిధారావ్రతం అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నా, అది కత్తి అంచు మీద నడకలాంటి వ్రతమని నాకు ఆరోజే తెలిసింది. రిటైరయ్యాక కాశీ వెళ్ళినప్పుడు మా బస్సులో వాళ్ళంతా హారతి చూస్తుంటే నేను పడవ అబ్బాయిని "అసి ఎక్కడ?" అని అడిగాను. సన్నటి మురుగు కాలువ ఒకటి చూపించాడు. ఊరి పేరులో సగమైన నది అలా అయిపోయిందని కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నేను జవాబు చూసి రాసేసి ఉంటే అసి మర్నాటికి పోయేది. తప్పు రాసి, ఎదురు మాటతో సరిపడక, కొట్టేసి, వెతికాను కాబట్టి నిలిచింది. మీ అబ్బాయి చీటింగ్ అంటున్నాడని బెంగ పెట్టుకోకండి. వెతకడం తప్పు కాదు. ఉదయం చేయగలిగినంత చేసి, మిగిలిన గళ్ళు సాయంత్రం దాకా అలాగే వదిలేయండి. వంట చేస్తున్నప్పుడో బట్టలు ఆరేస్తున్నప్పుడో ఒకటి రెండు వాటంతటవే తడతాయి. అప్పటికీ రానివి చూడండి. చూసినప్పుడు గడిలో అక్షరం వేసి ఊరుకోకుండా ఆ మాటకున్న ఇంకో అర్థం ఒక్కటైనా చదవండి. 'అంబరం' ఆకాశమూ అవుతుంది, బట్టా అవుతుంది. 'ద్విజం' అంటే పక్షి, పన్ను కూడా. రెండూ రెండుసార్లు పుట్టేవే కదా! రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఇంట్లో ఎవరికైనా చెప్పండి. నోటితో ఒకసారి చెప్పిన మాట అంత తేలిగ్గా జారిపోదు.

ఫోన్ కంటే ముందు మనుషుల్ని అడగండి. "మగ్గం మీద నిలువు దారాలు (3)" అన్నప్పుడు నేను నిఘంటువు తీయలేదు. మా పోస్ట్‌మన్ ఒకాయనది నేతపని ఇల్లు. ఉత్తరాల కట్ట సర్దుతూనే "పడుగు అండీ. అడ్డం వేసేది పేక" అన్నాడు. అడగనిది కూడా చెప్పాడు చూశారా!

సగంలో ఆగిపోతున్నారంటే తికమక ఆధారాల దగ్గరేనేమో చూసుకోండి. వెనుదిరిగిన, తలకిందులైన, చెదిరిన, తల తెగిన, తోక లేని అన్న మాట కనబడితే అక్కడ అర్థం కోసం వెతక్కండి. అక్షరాలను ఏం చేయాలో అది చెబుతోంది. "తలకిందులైన తల, తీగ (2)" అంటే 'తల'ను తిప్పి రాయమని. లత వస్తుంది, లత అంటే తీగే.

ప్రశ్న: మా పాపకి పదేళ్ళు. ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ బాగా చేస్తుంది. తెలుగులో 'స్త్రీ' అన్నది ఒకే గడిలో ఎందుకు పెట్టారని అడిగింది. ఎలా చెప్పాలి?
— ఒక తల్లి, డాలస్

మంచి ప్రశ్న అడిగింది బంగారు తల్లి. ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం. మనకు గడికి ఒక్క పలుకు. గుణింతమూ ఒత్తులూ అన్నీ కలిసి ఒకే గడిలో కూర్చుంటాయి. పాప చేత 'వికటకవి'ని మన లిపిలో వి, క, ట, క, వి అంటూ గళ్ళలో రాయించి వెనక నుంచి చదివించండి. అటు చదివినా ఇటు చదివినా వికటకవే. అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయించి తిప్పమనండి. 'ఇవకటకివ్' అని వస్తుంది! 'పులుపు'తోనూ అలాగే చేయించండి. మీరు ఇంకేమీ చెప్పక్కర్లేదు, తనకే అర్థమవుతుంది.

ఈ లక్షణం వల్ల గళ్ళు కూర్చేవాళ్ళకి పని కష్టం. 'స్వాతంత్ర్యం' మూడు గళ్ళ మాట. చివరి గడిలో 'త్ర్యం' ఉంది. దాంతో మొదలయ్యే నిలువు మాట ఎక్కడి నుంచి తేవాలి? తేవచ్చు. "మృత్యుంజయ మంత్రంలో ఓంకారం తర్వాతి మాట (3)". త్ర్యంబకం! మూడు కళ్ళవాడు శివుడు. నాసిక్ జిల్లాలో గోదావరి పుట్టిన త్ర్యంబకేశ్వరం పేరు కూడా అదే మాట. పాపకి మంత్రం వస్తే ఈ రెండూ కాగితం మీద గీసి ఇవ్వండి, చేస్తుంది.

ప్రశ్న: గ్రూప్-2కి చదువుతున్నాను. రోజూ క్రాస్‌వర్డ్ చేస్తే జనరల్ స్టడీస్‌కి ఉపయోగమా? టైమ్ వేస్ట్ అవుతుందేమోనని టెన్షన్.
— ఒక అభ్యర్థి, కరీంనగర్

దీన్ని నమ్ముకుని పరీక్షకు వెళ్ళకు బాబూ. గళ్ళలో వచ్చే విషయాలు చెదురుమదురుగా వస్తాయి. నీకు కావలసింది వరస. పేపర్లో వచ్చేదానికి ఇరవై నిమిషాలు మించి ఇవ్వకు.

కాని చదివిన పాఠానికి నువ్వే గళ్ళు కూర్చి చూడు. 'ప్రాణహిత' అడ్డంగా రాశావనుకో. దానికి ఆధారం రాయబోతే నీకు తెలిసిందెంతో తెలియందెంతో బయటపడుతుంది. పెన్‌గంగ, వార్ధా, వైన్‌గంగ మూడూ కలిస్తే ప్రాణహిత అని చదివే ఉంటావు. ఏది దేనిలో కలుస్తుంది? పెన్‌గంగ ముందు వార్ధాలో కలుస్తుంది. ఆ వార్ధా వెళ్ళి వైన్‌గంగతో కలిశాకే ప్రాణహిత అన్న పేరు. అది కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. ఇప్పుడు చివరి 'త' నుంచి నిలువుగా 'తపతి' దింపు. దాని ఆధారంలో పడమటికి పారే నది అని రాయాలి. తూర్పుకి పోయే గోదావరిలో కలిసేదీ పడమటికి పోయేదీ ఒకే గడిలో కలుసుకున్నాయి కాబట్టి రెండూ గుర్తుంటాయి.

ప్రశ్న: ఈ ఆట ఎప్పటిది? ఎవరు కనిపెట్టారు?
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఒంగోలు

1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన వేశారు. వజ్రం ఆకారంలో ఉండేది. పేరు 'వర్డ్-క్రాస్'. కొద్ది వారాలకే అచ్చులో పొరపాటున మాటలు తిరగబడి 'క్రాస్-వర్డ్' అయింది, ఆ పేరే నిలిచింది. నాకు ఇంకా ఇష్టమైన సంగతి 1944ది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తీరాన నార్మండీ మీద దాడికి ముందు లండన్ 'డైలీ టెలిగ్రాఫ్' గళ్ళలో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్‌బెరీ, నెప్ట్యూన్ అన్న మాటలు జవాబులుగా వచ్చాయి. అవన్నీ ఆ దాడికి పెట్టుకున్న రహస్య సంకేతాలు! కూర్చిన లియొనార్డ్ డా అనే హెడ్మాస్టరును గూఢచారి శాఖవాళ్ళు వచ్చి ప్రశ్నించి, ఏ తప్పూ లేదని వదిలేశారు.

ప్రశ్న: మా నాన్నగారికి 76. ఈమధ్య పేర్లు మర్చిపోతున్నారు. రోజూ గళ్ళు చేయిస్తే మతిమరుపు తగ్గుతుందా?
— ఒక కొడుకు, నల్లగొండ

ఇది మందు అని నేను చెప్పను నాయనా. ముందు డాక్టరుకి చూపించండి, ఆలస్యం చేయకండి. గళ్ళు మాత్రం ఆయన పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి చేయండి. ఆధారం మీరు చదవండి, జవాబు ఆయన్ని చెప్పనివ్వండి. కొత్త సినిమా పేర్లు మీరు చూసుకుని కొలతలు, పంటలు, నక్షత్రాలు, చుట్టరికాలు ఆయనకి వదిలేయండి. తొందరపెట్టకండి, తప్పు చెబితే వెంటనే దిద్దకండి, అడ్డంలో తప్పయితే నిలువే చెబుతుంది. పేపర్లో గళ్ళు మరీ చిన్నవి. జిరాక్స్ షాపులో రెండింతలు పెద్దవి చేయించి, గట్టి అట్టకి క్లిప్పుతో తగిలించి, మెత్తటి పెన్సిల్ ఇవ్వండి. మా అమ్మకి చివరి రెండేళ్ళూ నేనలాగే ఇచ్చేదాన్ని. "రెండు మానికలు" అని చదివితే, మాట పూర్తికాకముందే "అడ్డ" అనేది.